సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పండగ తృప్తిగా తిని కూడా ఒళ్ళు పెరక్కుండా ఎలా చూసుకోవాలి

సంక్రాంతి అయ్యాక వెయిట్ మిషన్ ఎక్కి బాధపడేవాళ్ళు చాలామంది తప్పంతా పండగ మూడు రోజుల మీదకి తోసేస్తారు, కానీ కూర్చుని లెక్కేస్తే విషయం వేరేగా ఉంటుంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మీరు రోజుకి వెయ్యి కేలరీలు ఎక్కువ తిన్నారనుకుందాం, మొత్తం మూడు వేలు. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ పడాలి, అంటే ఆ మూడు రోజుల తిండికి అరకిలో కూడా చేరదు. మరి ఆ కిలోన్నర, రెండు కిలోలు ఎక్కడివి అంటే డిసెంబర్ 25 కేకు దగ్గర మొదలై, జనవరి 1 కేకు మీదుగా, పండగకి వారం ముందు నుంచి పొయ్యి పక్కన రుచులు చూడ్డం, పండగయ్యాక ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బాలు ఫిబ్రవరి దాకా టీవీ ముందు పెట్టుకుని ఖాళీ చెయ్యడం, ఇదిగో అక్కడివి. రోజూ ఒక అరిసె, గుప్పెడు జంతికలు, అంతే కదా అనిపిస్తుంది. అదే మూడొందల కేలరీలు పైన, అలా నలభై రోజులు.

అందుకే నేను చెప్పేదంతా ఒకే మాట చుట్టూ ఉంటుంది, పండగ భోజనం మానకండి, డబ్బాని అదుపులో పెట్టండి. ఏడాదికోసారి అమ్మ చేతి గారెలు, అత్తయ్య చేసిన నాటుకోడి కూర ముందు పెట్టుకుని సలాడ్ తినమని చెప్పే డైట్లు నాకు నచ్చవు, అవి ఎలాగూ రెండో రోజుకే పోతాయి. ఇక ఏం చెయ్యాలో వరసగా చూద్దాం.

స్టెప్ 1: పండగ రోజులేవో ముందే తేల్చుకోండి

క్యాలెండర్ తీసి భోగి, సంక్రాంతి, కనుమ, మీ ఇంట్లో ముక్కనుమ చేస్తే అది కూడా, ఆ నాలుగు రోజులకి గుర్తు పెట్టండి. క్రిస్మస్ చేసుకునే ఇల్లయితే 25 కూడా. ఇవి పండగ రోజులు, మిగతావన్నీ మామూలు రోజులు. మామూలు రోజున మామూలు తిండే, ఆఫీసులో ఎవరో కేక్ కట్ చేశారని, పక్కింటావిడ సకినాలు పంపించిందని అది పండగ అయిపోదు, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని మిగతాది ఎవరికైనా ఇచ్చెయ్యండి. విదేశాల్లో ఉండే మనవాళ్ళకి ఇదింకా కష్టం, ఎందుకంటే అక్కడ పండగ వీకెండ్‌కి జరుగుద్ది, ఒక శనివారం అసోసియేషన్ వాళ్ళది, ఇంకో శనివారం ఫ్రెండ్స్ ఇంట్లో పాట్‌లక్, జనవరి అంతా సంక్రాంతే, పైగా బయట చలికి నడక ఉండదు. మీరు కూడా అదే చెయ్యండి, నాలుగు పూటలు ఎంచుకోండి, ఆ నాలుగూ హాయిగా తినండి.

ఊరెళ్ళే ముందు పదిహేను రోజులు కడుపు మాడ్చుకుని "అక్కడ తింటాలే" అనుకోవద్దు. ఆకలితో వెళ్ళినవాళ్ళే మొదటి రోజు డబ్బా మూత తీసి వరసగా నాలుగు తింటారు. ఆ పదిహేను రోజుల్లో చెయ్యాల్సింది రాత్రి భోజనం ఎనిమిదిన్నర లోపు ముగించడం, రోజూ అరగంట నడక అలవాటు చేసుకోవడం, అంతే. అలవాటు ఉన్న కాళ్ళే ఊళ్ళో కూడా నడుస్తాయి.

స్టెప్ 2: పిండివంటల దగ్గరే సగం పని అయిపోవాలి

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే తినేటప్పుడు ఆపుకోవడం కంటే చేసేటప్పుడు తగ్గించడం చాలా తేలిక.

ముందు ఒక అరిసెలో ఏముందో చూడండి. కిలో బియ్యం తడి పిండికి ముప్పావు కిలో బెల్లం పాకం అనుకుందాం, వేగేటప్పుడు ఒక పావు కిలో నూనె పీల్చుకుంటుంది అనుకుందాం, వత్తాక కూడా కొంత ఉండిపోద్ది కదా. బియ్యం 3,500, బెల్లం ఒక 2,700, నూనె 2,250, మొత్తం ఎనిమిది వేల నాలుగొందల దగ్గర. నలభై ఐదు అరిసెలు వస్తే ఒక్కోటి 190 కేలరీల దాకా, అందులో బెల్లం 16, 17 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏంటంటే, విడిగా కలుపుకునే చక్కెరలు రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది, అంటే రెండు వేల కేలరీలు తినే మనిషికి 25 గ్రాములు. అరిసెన్నరకే ఆ 25 అయిపోతుంది, మనం పొద్దున, సాయంత్రం తాగే టీలో పంచదార ఇంకా లెక్కలోకి రాలేదు.

"బెల్లమే కదా, పంచదార కాదుగా" అనే మాట ప్రతి ఇంట్లో వినపడుద్ది. బెల్లం రుచి బావుంటుంది, అందులో కొద్దిగా ఖనిజాలు ఉంటాయి, కానీ దాంట్లో ఎక్కువ భాగం ఉన్నది పంచదారలో ఉండే చక్కెరే, కేలరీలు కూడా కొంచెమే తేడా. షుగర్ ఉన్నవాళ్ళకి బెల్లం అరిసె సేఫ్ అని చెప్పి పెట్టడం వాళ్ళకి మేలు చెయ్యడం కాదు, దయచేసి అలా చెప్పి పెట్టకండి.

మరి ఏం చెయ్యాలి అంటే, సైజు తగ్గించండి. ఇది అన్నిటికంటే బాగా పనిచేసే చిట్కా. మనం తిండిని గ్రాముల్లో లెక్కపెట్టుకోం, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటాం, "ఒక్కటి తిన్నా" అనే తృప్తి అరిచేతి సైజు అరిసెకీ, అందులో సగం ఉన్న అరిసెకీ ఒకటే. అదే పాకంతో ఉండలు చిన్నవి చేసి వత్తండి, సున్నుండలు నిమ్మకాయ సైజు బదులు పెద్ద ఉసిరికాయంత కట్టండి. పాకంలో బెల్లం తగ్గించి ప్రయోగం చెయ్యమని మాత్రం చెప్పను, పాకం తేడా వస్తే అరిసె నూనెలో విడిపోతుంది, అమ్మమ్మ కొలతలు అలాగే ఉంచండి, సైజు మార్చండి చాలు.

రెండోది, ఎన్ని రకాలు, ఎన్ని కిలోలు. అరిసెలు, పోకుండలు, సున్నుండలు, కజ్జికాయలు, గవ్వలు, గోరుమిటీలు, జంతికలు, చెక్కలు, కారప్పూస, లడ్డూ అన్నీ ఒకే ఇంట్లో చెయ్యక్కర్లేదు. మీరు, తోడికోడలు, పిన్ని వాళ్ళు ముందే ఫోన్లో మాట్లాడుకుని ఒక్కో ఇంట్లో రెండు రకాలు చేసి పంచుకోండి, రకాలు అన్నీ ఉంటాయి, కిలోలు సగం అవుతాయి, పొయ్యి దగ్గర నిలబడే గంటలు కూడా సగం. కొత్తల్లుడు వచ్చే ఇల్లయితే ఇది కుదరదని తెలుసు, అక్కడ కూడా కనీసం సైజు తగ్గించండి.

నూనె విషయం. జంతికలు వేగిన నూనెలోనే అప్పాలు, మర్నాడు దాంట్లోనే గారెలు, మళ్ళీ పైన కొత్త నూనె పోసి పూరీలు, ఇది వద్దు. రంగు మారి నల్లబడినా, నురగ వచ్చినా, పెట్టగానే పొగలొచ్చినా ఆ నూనె అయిపోయినట్టే. మూకుడులో తక్కువ నూనె పోసి కొంచెం కొంచెంగా వేయించుకోండి, అప్పుడు మిగిలేదే తక్కువ ఉంటుంది, పారెయ్యడానికి చెయ్యి ఆడుద్ది. అరిసెల్ని మాత్రం చెక్కల మధ్య గట్టిగా వత్తండి, బద్ధకించకండి, కారేదంతా మీ కడుపులోకి వెళ్ళాల్సిన నూనె. గారెల పిండి రుబ్బేటప్పుడు నీళ్ళు బాగా తక్కువ పొయ్యండి, పిండి జారైతే నూనె తాగుద్ది, నూనె సరిగ్గా కాగక ముందే వేసినా తాగుద్ది.

ఇంకో విషయం, ఇది మగవాళ్ళు కూడా చదవాలి. ఈ రెండు మూడు రోజులు వంటింట్లో ఉండే ఆడవాళ్ళు అసలు భోజనం చెయ్యరు. పొద్దున టీ, తర్వాత ఉప్పు చూడ్డానికి ఒక జంతిక, పాకం చూడ్డానికి కాస్త, విరిగిన అరిసెలు రెండు, మూడింటికి నీరసం వచ్చి ఇంకో టీ, అన్నం తినబుద్ధి కాదు. పొద్దంతా తిన్నది నూనె, బెల్లం మాత్రమే, పైగా కాళ్ళు లాగేస్తాయి, నడుం పట్టేస్తుంది. పొయ్యి వెలిగించే ముందు అందరూ కూర్చుని కడుపునిండా పెరుగన్నమో, ఇడ్లీయో, పప్పన్నమో తినెయ్యండి. ఉప్పు చూసే పని ఒకే మనిషికి ఇవ్వండి. వత్తడం, తిరగెయ్యడం, గిన్నెలు తోమడం మగపిల్లలకి అప్పచెప్పండి, ఎత్తు పీట వేసుకుని కూర్చుని చెయ్యండి. ఇంట్లో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి నిజంగా పట్టించుకునేవాళ్ళు అరిసెల చెక్కలు చేతిలోకి తీసుకోవాల్సిందే, వేరే దారి లేదు.

స్టెప్ 3: దారిలో

హైదరాబాద్ నుంచి కోస్తాకి వెళ్ళేవాళ్ళకి 65వ నంబర్ హైవే మీద, పంతంగి టోల్ గేట్ దగ్గర పండగ ముందు ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. ఐదు గంటల ప్రయాణం తొమ్మిది గంటలు అవుతుంది, ఆకలేసిన చోట దొరికేవి బజ్జీలు, చిప్స్, కూల్ డ్రింకులే. ఇంటి దగ్గరే ఉడకబెట్టిన కోడిగుడ్లు, చపాతీలో కూర పెట్టి చుట్టినవి, జామకాయలు, వేయించిన శనగలు, సీసాలో మజ్జిగ సర్దుకోండి, ఇది అరగంట పని.

బాత్రూమ్‌లు సరిగ్గా ఉండవని ఆడవాళ్ళు దారంతా నీళ్ళు తాగరు. తలనొప్పి, మలబద్ధకం, యూరిన్ మంట ఇవన్నీ అక్కడే మొదలవుతాయి. ఎక్కడ ఆగాలో ముందే అనుకుని, శుభ్రంగా ఉండే బంకుల దగ్గర ఆగుతూ కొంచెం కొంచెం తాగండి. కారైతే రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి, బస్సులో, రైల్లో ఉంటే కూర్చున్న చోటే మడమలు పైకి కిందకి ఆడించండి, ముఖ్యంగా పెద్దవాళ్ళు, కాళ్ళు వాచే వాళ్ళు, గర్భిణులు.

స్టెప్ 4: విస్తరి ముందు కూర్చున్నాక

సంక్రాంతి రోజు భోజనం నిజానికి చాలా మంచి భోజనం, మనమే దాన్ని పాడు చేస్తాం. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర, ఏదో ఒక ఆకుకూర, పెరుగు, ఇవన్నీ ఉన్న విస్తరి అది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది కూడా ఇదే, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళే ఉండాలి అని. మన దగ్గర ఏమవుతుందంటే పులిహోర, తెల్లన్నం, పరమాన్నం, బొబ్బట్టు అన్నీ పెట్టుకుని చిక్కుడుకాయ కూర ఒక మూల చెంచాడు వేయించుకుంటాం.

వరస ఇలా మార్చండి. ముందు తీపి ఒక ముద్ద నోట్లో వేసుకోండి, అది ఆనవాయితీ, మిగతా తీపి చివరికి ఉంచండి. తర్వాత కూర, పప్పు ఉత్తివే నాలుగైదు ముద్దలు తినండి. ఆ తర్వాత అన్నంలోకి రండి. కూరగాయలు, పప్పు, మాంసం ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనం తర్వాత షుగర్ అంత ఒక్కసారిగా లేవదు, పైగా అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆకలి సగం తీరిపోయి ఉంటుంది. పులిహోర, తెల్లన్నం రెండూ బియ్యమే, రెండిట్లో మీకు ఎక్కువ ఇష్టమైంది ఒకటి పెట్టుకోండి, రెండోది రుచికి. గారెలు రెండు, వేడివేడివి, నాటుకోడి పులుసుతోనో, అల్లం పచ్చడితోనో, కనుమ నాడు మినుము తినాలి అన్నారు కదా, తినండి, మినపప్పులో ప్రోటీన్ బాగానే ఉంటుంది, చల్లారిన గారె మాత్రం నిలబడి తినకండి, దాంట్లో రుచీ ఉండదు, నూనె మాత్రం అంతే ఉంటుంది.

మెల్లగా తినండి. పంక్తిలో పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఇరవై నిమిషాలన్నా తినండి, కడుపు నిండిన సంగతి తెలియడానికి ఆ మాత్రం టైం పడుద్ది. ఆకలి తీరిన దగ్గర ఆపి పెరుగన్నంలోకి వెళ్ళిపోండి.

రాత్రికి ఏం తినాలి అనేది కూడా ముందే అనుకోండి. మధ్యాహ్నం మూడింటికి పెద్ద భోజనం చేశాక రాత్రి మళ్ళీ పులావు అక్కర్లేదు, జొన్న రొట్టె, కూర, లేదా ఉప్మా కొద్దిగా, లేదా జామకాయ, గ్లాసు మజ్జిగ. ఈ సీజన్‌లో ఊళ్ళో దొరికేవి చూడండి, తేగలు, రేగుపళ్ళు, జామకాయలు, పచ్చి శనగలు, అనపకాయలు, చెరకు ముక్క నమలడం, ఇవన్నీ సిటీలో డబ్బులు పెట్టి కొనేవే. సాయంత్రం టీ టైంకి జంతికల బదులు ఉడకబెట్టిన తేగలు పెట్టండి, పిల్లలకి కూడా అలవాటవుతాయి.

స్టెప్ 5: "ఇంకొక్కటి తిను" దగ్గర ఏం చెప్పాలి

మనకి అసలు పరీక్ష ఇదే. నాలుగిళ్ళకి వెళ్తే నాలుగిళ్ళల్లో పళ్ళెం వస్తుంది, వద్దంటే "సిటీకెళ్ళి చిక్కిపోయావు, పండగ పూట వద్దనకూడదు" అంటారు. వాళ్ళు పెట్టేది ప్రేమతో, కాబట్టి "నేను డైట్‌లో ఉన్నా" అని అస్సలు అనొద్దు, ఆ మాట అన్నారంటే అక్కడితో మొదలవుద్ది, ఇంకో నాలుగు వడ్డిస్తారు. పళ్ళెం తీసుకోండి, ఒకటి తుంచి తినండి, ఎలా చేశారో అడగండి, "అత్తయ్యా, పెద్దమ్మ వాళ్ళింట్లో ఇప్పుడే తినొచ్చాను, కాస్త మజ్జిగ ఇవ్వవా" అని అడగండి. ఏదో ఒకటి అడిగి పుచ్చుకున్నారు కాబట్టి వాళ్ళకీ బాధ ఉండదు. మిగిలిన పళ్ళెం అక్కడున్న పిల్లల మధ్యలోకి జరపండి. "కట్టి ఇవ్వు, ఇంటికెళ్ళి తింటా" అని మాత్రం అనకండి, అది డబ్బా అయిపోద్ది.

టీలు కూడా చూసుకోండి. ఇంటికో టీ, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార, సాయంత్రానికి ఆరు టీలు. రెండు తాగాక తర్వాతి ఇంట్లో మంచినీళ్ళు అడగండి.

స్టెప్ 6: కదలిక

ఒక అరిసెకి సరిపడా కరగాలంటే అరవై ఐదు కిలోల మనిషి దాదాపు ముప్పావు గంట నుంచి యాభై నిమిషాలు గట్టిగా నడవాలి. అంటే తిన్నదంతా నడిచి కరిగిద్దాం అనే లెక్క ఎప్పటికీ కుదరదు. మరి ఎందుకు నడవాలంటే షుగర్ కోసం, అరుగుదల కోసం, నిద్ర కోసం, బుర్ర తేలిక అవ్వడం కోసం. వారానికి 150 నిమిషాలకి తక్కువ కాకుండా ఒళ్ళు కదిలే పని చెయ్యాలి అనేది పెద్దలందరికీ ఉన్న సూచన, ఊళ్ళో ఇది సిటీలో కంటే తేలిక, ట్రాఫిక్ లేదు, కాలవ గట్టు ఉంది, చేలు ఉన్నాయి.

పొద్దున ఒక అరగంట నడవండి. జనవరిలో మంచు గట్టిగా ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు కాస్త ఎండ వచ్చాక ఏడున్నర, ఎనిమిదికి బయల్దేరండి, చెవులు కప్పుకోండి. భోజనం తర్వాత మాత్రం ఇంటిల్లిపాదీ పది పదిహేను నిమిషాలు మెల్లగా వీధి చివరి దాకా వెళ్ళి రండి, ఒక్కటే చెయ్యగలిగితే ఇదే చెయ్యండి, తిన్న వెంటనే నడిస్తే పెరిగే షుగర్‌ని కండరాలు వాడుకుంటాయి. తిన్న వెంటనే పడుకోకండి, గుండెల్లో మంట వచ్చేది అందుకే.

జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి నాలుగు రోజులు గ్యాప్ వస్తే కొంపేం మునగదు. అయినా చెయ్యాలనిపిస్తే ఇరవై నిమిషాలు చాలు, గుంజీళ్ళు పదిహేను, అరుగు మీద చేతులు ఆనించి దండీలు పది, మేడ మెట్లు రెండు సార్లు ఎక్కి దిగడం, ఇది ఒక రౌండ్, ఇలా మూడు నాలుగు రౌండ్లు. మోకాళ్ళ నొప్పులు ఉంటే గుంజీళ్ళ బదులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. లేదా సూర్యనమస్కారాలు పన్నెండు. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, గంటసేపు వంగి ముగ్గు పెట్టడం కూడా తక్కువ వ్యాయామం ఏమీ కాదు, అది ఒక్క అమ్మాయిలకే వదిలెయ్యకుండా చీపురు మీరు పట్టుకోండి. మధ్యాహ్నం కుర్రాళ్ళతో కబడ్డీ, వాలీబాల్ ఆడతారు కదా, పదేళ్ళ తర్వాత ఆడుతుంటే ముందు పది నిమిషాలు మెల్లగా పరిగెత్తి, తొడలు, పిక్కలు సాగదీసి అప్పుడు దిగండి, పండగ పూట పిక్క పట్టేసి మంచం మీద పడుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

భోగి రోజు నాలుగింటికే లేస్తారు, ముందు రాత్రి పేకాటో, కబుర్లో ఒంటిగంట దాకా. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువేస్తుంది, అదీ తీపి మీదకే మనసు పోతుంది. మధ్యాహ్నం అరగంట కునుకు తీయండి, రెండు గంటలు వద్దు, రాత్రి నిద్ర పట్టదు.

స్టెప్ 7: కనుమ, ముక్కనుమ, మందు

కనుమ రోజు మాంసం. నాటుకోడి అయితే చర్మం తీసి, కూర పైన తేలిన నూనె గరిటెతో పక్కకి తీసెయ్యండి, ముక్కలు బాగా తినండి, పులావు తక్కువ పెట్టుకోండి. ముక్క తినడం వల్ల కడుపు నిండుతుంది, మనం ఎక్కువ తినేది దాని కింద ఉన్న అన్నం.

మందు అలవాటు లేనివాళ్ళు పండగ పేరు చెప్పి మొదలుపెట్టొద్దు. అలవాటు ఉన్నవాళ్ళు ఖాళీ కడుపున తాగొద్దు, పక్కన పకోడీల బదులు ఉడికించిన పల్లీలు, ముక్కలు పెట్టుకోండి, గ్లాసుకి గ్లాసు నీళ్ళు తాగండి. ఒకేసారి ఎక్కువ తాగితే గుండె లయ తప్పడం అనేది నిజంగా ఉన్న సమస్య, పండగ రోజుల తర్వాత ఇలా వచ్చే వాళ్ళని చూసే డాక్టర్లు దీనికి 'హాలిడే హార్ట్' అనే పేరు కూడా పెట్టారు. తాగి బండి తియ్యొద్దు, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా, కాలవ గట్టు రోడ్లకి లైట్లుండవు, పక్కన గోడ ఉండదు.

స్టెప్ 8: షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, వాళ్ళని చూసుకునేవాళ్ళు

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 2023లో బయటపెట్టిన సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు పది కోట్ల పైమాటే, కాబట్టి మీ పంక్తిలో కూర్చున్నవాళ్ళలో ఒకరో ఇద్దరో ఉంటారు. బయల్దేరే ముందు టాబ్లెట్లు, ఇన్సులిన్ వారానికి ఎక్కువే సర్దుకోండి, పండగ రోజు ఊళ్ళో మెడికల్ షాపు మూసి ఉంటుంది. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు కూడా పెట్టుకోండి.

"మధ్యాహ్నం బాగా తింటాను కదా" అని టిఫిన్ మానెయ్యడం, అటు టాబ్లెట్ వేసుకోవడం, ఇది ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు పూట మానితే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, తికమకగా మాట్లాడ్డం కనపడితే చెక్ చెయ్యండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో నీళ్ళలో కలిపి ఇవ్వండి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. రెండో వైపు, "పండగ కదా" అని డోసు సొంతంగా రెట్టింపు చెయ్యడం కూడా వద్దు, ఎలా మార్చుకోవాలో వెళ్ళే ముందే డాక్టర్‌ని అడగండి.

పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు భోగిమంట దగ్గర చెప్పుల్లేకుండా నిలబడొద్దు, నిప్పు తగిలినా తెలీదు, ఆ పుండు నెలల తరబడి మానదు. రాత్రి పడుకునే ముందు పాదాలు కింద నుంచి చూసుకోండి, లేదా మనవడిని చూడమనండి.

బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, ఆ లోపే ఉండాలి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, జంతికలు కలిపితే ఒక్క భోజనానికే దాటిపోవచ్చు, అందులో ఒకటి ఎంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు, పళ్ళ రసాలు మంచివని పట్టుకెళ్ళి ఇవ్వకండి, డాక్టర్ ఒప్పుకుంటేనే.

పెద్ద భోజనం తర్వాత ఎవరికైనా ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండి, ఎడమ చెయ్యో, దవడో లాగుతూ, చల్లటి చెమటలు పడితే అది గ్యాస్ అని సోడా తాగించి పడుకోబెట్టకండి. అరిసెలు తిన్నాడు కాబట్టి గ్యాసే అనుకోవడం వల్లే ఊళ్ళల్లో విలువైన గంటలు పోతున్నాయి. వెంటనే 108.

స్టెప్ 9: తిరిగొచ్చేటప్పుడు డబ్బాలు

బయల్దేరే ముందు అమ్మకి ప్రేమగా, గట్టిగా చెప్పండి, ఒక్కో రకం ఒక్క చిన్న డబ్బా. "మీ ఆఫీసు వాళ్ళకి" అని ఇస్తే తీసుకోండి, కానీ అది నిజంగా ఆఫీసుకే వెళ్ళాలి, వచ్చిన మర్నాడే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబానికి, పనిమనిషికి, పండగకి ఊరెళ్ళలేకపోయిన బ్యాచిలర్ కుర్రాళ్ళకి పంచండి, మెత్తబడ్డాక, పాతబడ్డాక కాదు, మొదటి రోజే.

మిగిలినవి కనపడేలా డైనింగ్ టేబుల్ మీద పెట్టకండి. స్టీలు డబ్బాలో పెట్టి పై అలమరలోకి ఎక్కించండి, స్టూలు వేసుకుంటే గానీ అందకూడదు. వారంలో రెండు రోజులు, ఆదివారం, ఇంకో రోజు, ప్లేటులో ఒకటి పెట్టుకుని కూర్చుని తినండి. డబ్బాతో సహా సోఫాలోకి వెళ్ళొద్దు. సున్నుండలు పిల్లలకి రోజుకొకటి పర్లేదు, ఆడే పిల్లలైతే.

వచ్చిన మర్నాడే వెయిట్ చూసుకోకండి. ఉప్పు, పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో నీరు పడుద్ది, అది కిలో, కిలోన్నర చూపిస్తుంది, మామూలు తిండికి వచ్చాక నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. ఆ నంబర్ చూసి భయపడి ఉపవాసాలు మొదలుపెట్టొద్దు. పదో రోజు పొద్దున్నే పరగడుపున చూడండి. అప్పటికీ కిలో పైన ఎక్కువుంటే రాత్రి అన్నం సగం చేసి ఆ సగం కూరతో నింపండి, టీలో పంచదార ఒక చెంచాకి దించండి, రోజూ నడకకి ఇంకో పదిహేను నిమిషాలు కలపండి, మహాశివరాత్రి నాటికి చాలావరకు దిగిపోద్ది.